ఎస్టీపీ నీళ్లతో తోట తడుపుతున్నవాళ్లు చెప్పండి, మా లాన్ ఎందుకు మాడిపోతోంది?

లక్ష్మి_నల్లగండ్ల:
నమస్కారం అండి. హైదరాబాద్‌లో మాది 180 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. తోట బాధ్యత రెండేళ్లుగా నేనే చూస్తున్నాను. ముప్పావు ఎకరం దాకా పచ్చదనం ఉంది. సగం లాన్, మిగతాది చెట్లు, పూల మొక్కలు. అంతకుముందు ఎండాకాలం వస్తే ఒక్క తోటకే రోజుకు మూడు ట్యాంకర్లు, ఒక్కోటి 5,000 లీటర్లు, తెప్పించేవాళ్లం. కింద ఎస్టీపీలో, అంటే మా మురుగునీళ్లను శుద్ధి చేసే ప్లాంటులో, శుద్ధి అయిన నీళ్లేమో డ్రైనేజీలోకి పోయేవి. అది చూసి నేనే పట్టుబట్టి, వేరే లైను వేయించి తోటకు ఆ నీళ్లు మళ్లించాను.

మొదటి నాలుగు నెలలు లాన్ ఎప్పుడూ లేనంత పచ్చగా ఉంది. ఆ తర్వాత మల్లె ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. గులాబీలు చిగురు వేయడం మానేశాయి. లాన్‌లో అక్కడక్కడ పసుపు మచ్చలు వచ్చి, ఇప్పుడు చాప అంత వెడల్పున ఎండిపోయాయి. మాలి నీళ్లు పెడితే ఇంకకుండా పైనే నిలబడుతున్నాయి. వచ్చే ఆదివారం మీటింగ్‌లో మళ్లీ ట్యాంకర్లకే వెళ్దామని తీర్మానం పెడుతున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

శ్రీను_ఎస్టీపీ:
మేడం, నేను పదకొండేళ్లుగా ఎస్టీపీలు నడుపుతున్నాను. ముందు ప్లాంటు సరిగ్గా నడుస్తోందో లేదో మీరే చూసుకోవచ్చు. ఏరేషన్ ట్యాంకు (బ్లోయర్లతో గాలి ఊదే ట్యాంకు) నుంచి ఒక లీటరు నీళ్లు గాజు జాడీలో పట్టి అరగంట కదపకుండా పెట్టండి. బురద కిందకు దిగి పైన తేట నీరు కనిపిస్తే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్నట్టు. అరగంటకీ కలకగానే ఉంటే ఏదో తేడా ఉంది. మీది ఎంబీబీఆర్ రకం అయితే ఈ పరీక్ష అంతగా పనికిరాదు, దాంట్లో బ్యాక్టీరియా ప్లాస్టిక్ చక్రాలకు అంటుకుని పెరుగుతుంది.

రెండోది, రాత్రిపూట బ్లోయర్లు ఆపేస్తున్నారేమో కనుక్కోండి. కరెంటు బిల్లు తగ్గించమని కమిటీలే చెప్తుంటాయి. గాలి ఆగితే కొన్ని గంటల్లోనే నీళ్లు కుళ్లు వాసన పడతాయి. శుద్ధి అయిన నీళ్లు కూడా సంపులో ఒక రోజుకు మించి ఉంటే వాసన మొదలవుతుంది.

లక్ష్మి_నల్లగండ్ల:
జాడీ పరీక్ష ఇప్పుడే చేశాను శ్రీను గారూ. ఇరవై నిమిషాలకే పైన తేట వచ్చింది. బ్లోయర్లు రాత్రంతా నడుస్తున్నాయి. వాసన అసలు లేదు. మీటరుతో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం) చూస్తే లీటరుకు 980 మిల్లీగ్రాములు వచ్చింది. బోరు నీళ్లదే 720.

రైతుబిడ్డ_మిర్యాలగూడ:
అక్కా, నీళ్లు ఇంకకుండా పైన నిలబడుతున్నాయి అన్నారు కదా, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మట్టి ఆరాక పైన గట్టి పెచ్చు కడుతోందా? తెల్లగా పొడి లేస్తోందా, లేక నల్లగా జిడ్డులా ఉందా?

మా ఊళ్లో దీన్ని చౌడు పట్టడం అంటారు. పైన తెల్లటి ఉప్పు పేరుకుంటే పాల చౌడు, దాన్ని మంచి నీళ్లు నిండుగా పెట్టి కడిగేస్తే తగ్గుతుంది. సోడియం ఎక్కువై మట్టి అంటుకుపోతే కారు చౌడు, దానికి నీళ్లు ఎన్ని పెట్టినా లాభం లేదు, జిప్సం కావాలి. మీరు చెప్పేది నాకు రెండో రకంలా ఉంది. మీ బిల్డింగ్‌లో సాఫ్ట్‌నర్ ఉందా?

లక్ష్మి_నల్లగండ్ల:
పెచ్చు కడుతోంది తమ్ముడూ. అడుగున మట్టి ముద్దలా ఉంది. సాఫ్ట్‌నర్ ఉంది, బోరు నీళ్ల కాఠిన్యం 480 దాకా ఉంటుంది. నెలకు పన్నెండు బస్తాల ఉప్పు పోస్తున్నారు. కానీ సాఫ్ట్‌నర్ వేసింది కుళాయిల కోసం కదా, దానికీ తోటకీ సంబంధం ఏమిటి?

రైతుబిడ్డ_మిర్యాలగూడ:
సంబంధమంతా అక్కడే ఉంది అక్కా. కొంచెం పొడుగ్గా రాస్తాను.

సాఫ్ట్‌నర్ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. అందుకే గీజర్లో పొలుసు కట్టదు, సబ్బు బాగా నురుగొస్తుంది. కానీ ఆ సోడియం ఎక్కడికీ పోదు. స్నానం నీళ్లతో, బట్టల నీళ్లతో ఎస్టీపీకి వస్తుంది. ఎస్టీపీలోని బ్యాక్టీరియా మలినాన్ని తింటుంది, ఉప్పును తినలేదు. ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు కూడా ఉప్పును ఆపలేవు. పైగా సాఫ్ట్‌నర్‌ను ఉప్పునీళ్లతో కడిగినప్పుడు వచ్చే నీళ్లు చాలా చోట్ల అదే డ్రైనేజీ గుంతలోకి వదిలేస్తారు. అలా ఆ పన్నెండు బస్తాల ఉప్పులోంచి కొంత చివరికి మీ లాన్ మీదకూ వస్తోంది.

బంకమట్టి రేణువులు కాల్షియం ఉన్నప్పుడు గుంపులు గుంపులుగా ఉంటాయి, మధ్యలో సందులుంటాయి, నీళ్లు దిగుతాయి. సోడియం ఆ స్థానం ఆక్రమిస్తే రేణువులు విడివిడిగా చెదిరి ఆ సందులన్నీ పూడిపోతాయి. వేళ్లకు గాలి అందదు.

టీడీఎస్ మీటరు ఇది చెప్పదు. కాల్షియం పోయి సోడియం వచ్చినా మీటరులో అంకె పెద్దగా మారదు. ల్యాబ్‌లో సోడియం, కాల్షియం, మెగ్నీషియం విడివిడిగా కొలిపించి ఎస్ఏఆర్ అనే నిష్పత్తి లెక్క వేయించండి. మూడు దాటితే కనిపెట్టుకుని ఉండాలి, తొమ్మిది దాటితే నాజూకు మొక్కలు నిలవవు. మట్టి పరీక్ష రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేయించుకోవచ్చు.

శ్రీను_ఎస్టీపీ:
బ్రదర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పదకొండేళ్లలో సాఫ్ట్‌నర్ గురించి నన్ను అడిగినవాళ్లే లేరు. ఇంకో కష్టం కూడా ఉంది. ఆ ఉప్పునీళ్లు ఒక్కసారిగా ఏరేషన్ ట్యాంకులో పడితే బ్యాక్టీరియా దెబ్బతిని రెండు రోజులు నీళ్లు కలకగా వస్తాయి. అది సాఫ్ట్‌నర్ వల్లేనని నాకూ చాలా ఏళ్లు తెలియలేదు.

జగిత్యాల_నర్సరీ:
నేను దుబాయ్‌లో తొమ్మిదేళ్లు పార్కుల్లో పనిచేసిన. అక్కడ రోడ్ల మధ్యన, పార్కుల్లో పచ్చగా కనిపించేదంతా ఈ శుద్ధి చేసిన మురుగునీళ్లే, టీఎస్ఈ అంటం. జబల్ అలీ ప్లాంటు నుంచి పైపుల్లో వస్తది. ఎడారిల తాగే నీళ్లు సముద్రం నుంచి తయారైతయి, అవి మొక్కలకు పోసే స్తోమత ఎవరికుంటది?

మాకు నేర్పింది ఏంటంటే, మొక్కకు కావాల్సినదానికంటే కొంచెం ఎక్కువ పెట్టాలె, అప్పుడే ఉప్పు వేళ్ల కిందికి దిగిపోతది. అక్కడ ఇసుక నేల కాబట్టి సులువుగా దిగుతది. మీరు స్లాబు మీద అడుగు మందం మట్టి పోసి లాన్ వేసిండ్రంటే కింద నీళ్లు పోయే దారి ఉందో లేదో చూసుకోండ్రి. దారి లేకపోతే ఉప్పు అక్కడనే తిరుగుతది.

మొక్కల సంగతికొస్తే కాగితంపూలు, గన్నేరు, ఖర్జూరం, గరిక రకం లాన్ గట్టిగ నిలబడతయి. గులాబీ, మల్లెకు ఉప్పు పడదు. స్ప్రింక్లర్‌తో ఆకుల మీద కొడితే ఇంకా తొందరగా మాడతయి, మొదట్లనే పోయాలె. నా నర్సరీకి ఎవరొచ్చినా ఏ నీళ్లు పోస్తరని మొదలు అడుగుత, తర్వాతనే మొక్క ఇస్త.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
మొక్కల సంగతి సరే. మా పిల్లలు రోజూ సాయంత్రం ఆ లాన్ మీద చెప్పుల్లేకుండా ఆడతారు. అది మురుగునీరే కదా. నాకు నిజంగా భయంగా ఉంది. ఇది భద్రమేనా?

శ్రీను_ఎస్టీపీ:
మీరు అడిగింది సరైన ప్రశ్న, మేడం. క్రిములు చంపే క్లోరిన్ లేదా యూవీ (అతినీలలోహిత) దీపం సరిగ్గా పనిచేస్తేనే భద్రం. యూవీ దీపం వెలుగుతున్నా దాని గాజు గొట్టానికి పాచి పడితే పని జరగదు. క్లోరిన్ డ్రమ్ము ఖాళీ అయిన సంగతి రోజుల తరబడి ఎవరూ గమనించని చోట్లు కూడా చూశాను. అందుకే ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) పరీక్ష నెలకోసారి చేయించి రిపోర్టు నోటీసు బోర్డు మీద పెట్టించమనండి. జనం నేరుగా తాకే లాన్లకు 100 మిల్లీలీటర్లలో 200 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే చెప్పింది. నీళ్లు రాత్రి పదకొండు తర్వాత పెట్టించండి. పిల్లలు వచ్చేసరికి గడ్డి ఆరి ఉంటుంది, ఎండ కూడా తగిలి ఉంటుంది.

సాన్‌రామన్_పద్మ:
కాలిఫోర్నియాలో మేముండే చోట పిల్లలు సాకర్ ఆడే మైదానాలకు కూడా ఈ నీళ్లే. ఇక్కడ పార్కులకు వాడాలంటే ఇసుక ఫిల్టరు లాంటిది దాటించి, క్రిములు చంపిన నీరే కావాలి. మొత్తం కోలిఫాం 100 మిల్లీలీటర్లకు, ఏడు రోజుల పరీక్షల మధ్యస్థ విలువ 2.2 దాటకూడదు. ఇర్వైన్‌లో 1967 నుంచీ ఇలా ఇస్తున్నారు. పైపులు, వాల్వుల మూతలు అన్నీ ఊదారంగులో ఉంటాయి, ఎక్కడ తవ్వినా ఇది తాగే నీళ్ల లైను కాదని కూలీకి తెలిసిపోతుంది.

2014 కరువులో మా పక్కనే ఒక కేంద్రం తెరిచి ఇళ్లవాళ్లకు ఉచితంగా ఇచ్చారు. మా ఆయన కారు వెనక డబ్బాలు పెట్టుకుని వారానికి రెండుసార్లు తెచ్చేవారు. నిమ్మ చెట్టు బతికింది ఆ నీళ్లతోనే. కానీ రెడ్‌వుడ్ చెట్లకు ఈ ఉప్పు పడదు. ఈ నీళ్లు పెట్టిన చోట్ల పైకొమ్మలు ఎండడం కళ్లారా చూశాను, బాధేసింది. చెట్టు ఏదో చూసుకుని పెట్టాలి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
పైపుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మేము ఇంతకుముందు ఉన్న అపార్ట్‌మెంట్‌లో ప్లంబర్ లీకు బాగుచేస్తూ ఎస్టీపీ లైనును పొరపాటున స్నానాల గది లైనుకు కలిపేశాడు. రెండు పైపులూ ఒకే తెలుపు. మూడు వారాలకు గానీ బయటపడలేదు. మా చిన్నదానికి ఆ మూడు వారాలూ విరేచనాలు, నీరసం. నా భయం అందుకే.

లక్ష్మి_నల్లగండ్ల:
అయ్యో, ఎంత బాధపడి ఉంటారో. ఈరోజే మా పైపులకు ఊదారంగు వేయిస్తాను. తోట కుళాయిల పిడులు కూడా తీయించి తాళంచెవితో తిప్పేవి పెట్టిస్తాను.

శ్రీను_ఎస్టీపీ:
రంగు వేశాక ఒక పరీక్ష చేయండి మేడం. తోట లైను పంపు ఆన్‌లో ఉంచి, ఇళ్ల నీళ్ల వాల్వు పూర్తిగా మూసేయండి. అన్ని ఫ్లాట్లలో కుళాయి తిప్పి చూడండి. లైన్లో మిగిలిన నీళ్లు అయిపోయాక కూడా ఎక్కడైనా ధార వస్తే అక్కడ కలిసిపోయినట్టే. ఏటా చేయాలి. ట్యాంకుకు ట్యాంకర్ నీళ్లు కలిపే చోట కూడా పైపు ట్యాంకు నీళ్లను తాకకుండా పైన జానెడు ఖాళీ ఉంచండి.

కోలారు_వెంకట:
మాది కోలారు జిల్లా, ఇంట్లో తెలుగే. 2018 నుంచి బెంగళూరు మురుగునీళ్లను శుద్ధి చేసి మా చెరువులు నింపుతున్నారు. ఎండిపోయిన బోర్లలో నీళ్లొచ్చాయి. నాణ్యత మీద గొడవలూ జరిగాయి, శుద్ధి ఇంకో మెట్టు పెంచాలని మావాళ్లు ఇప్పటికీ అడుగుతున్నారు. ఆ అడగడం న్యాయమే.

నేనుండేది బెంగళూరులో. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగే నీళ్లతో తోట తడిపితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఎస్టీపీ లైను ముందే ఉన్న మా తోట ఒక్కటే ఆ వీధిలో బతికింది. మీటింగ్‌లో ఈ మాట చెప్పండి అక్కా. మాకు డ్రిప్పర్లు పాచితో మూసుకుపోయేవి. డిస్కు ఫిల్టరు పెట్టి, వారానికోసారి గొట్టాల చివర్లు విప్పి నీళ్లు వదిలేస్తే సరిపోయింది.

రైతుబిడ్డ_మిర్యాలగూడ:
మీటింగ్‌కి ఇంకో లెక్క తీసుకెళ్లండి అక్కా. ఆ నీళ్లలో నత్రజని ఉంటుంది. లీటరుకు 20 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, మీరు రోజూ పెట్టే 15,000 లీటర్లలో 300 గ్రాములు. నెలకు తొమ్మిది కిలోలు, అంటే ఇరవై కిలోల యూరియాతో సమానం. మొదటి నాలుగు నెలలు లాన్ అంత పచ్చగా ఉన్నది దానివల్లే. పైనుంచి మాలి యూరియా కూడా చల్లుతుంటే ఆపించండి.

లక్ష్మి_నల్లగండ్ల:
(మూడు నెలల తర్వాత)
అందరికీ నమస్కారం. మీటింగ్‌లో ఆరు నెలల గడువు ఇచ్చారు. ల్యాబ్ రిపోర్టులో లీటరుకు మిల్లీగ్రాముల్లో సోడియం 290, కాల్షియం 24, మెగ్నీషియం 10. ఎస్ఏఆర్ 12.5 వచ్చింది. తమ్ముడు ఊహించిందే నిజం.

సాఫ్ట్‌నర్ కడిగిన నీళ్లను ఎస్టీపీకి రాకుండా నేరుగా బయటి డ్రైనేజీ లైనుకు మళ్లించాం. కాఠిన్యాన్ని సున్నాకు తేకుండా, కొంత బోరు నీళ్లు పక్కనుంచి కలిపి 150 దగ్గర నిలిపాం. గీజర్ల గురించి మొదట కొందరు అభ్యంతరం చెప్పారు, ఇప్పటివరకు ఎవరి దగ్గరా ఇబ్బంది రాలేదు. ఉప్పు పన్నెండు బస్తాల నుంచి ఏడుకు తగ్గింది. పోయిన వారం పరీక్షలో సోడియం 190, కాల్షియం 56, మెగ్నీషియం 24, ఎస్ఏఆర్ 5.3. టీడీఎస్ మాత్రం 860 ఉంది, అంటే మీటరును నమ్ముకుని ఉంటే పెద్దగా ఏమీ మారలేదనే అనుకునేదాన్ని.

మట్టి పరీక్ష చేయించి చదరపు మీటరుకు పావు కిలో జిప్సం వేసి, పైమట్టిలో కలిపి, నిండుగా నీళ్లు పెట్టాం. జూన్ వానలు కూడా కలిసొచ్చాయి. పూర్తిగా చచ్చిపోయిన చోట పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లించాను, ఇప్పుడు మోకాలెత్తు ఉంది. పూతకు ముందే కోసి మట్టిలో కలపమని మాలికి చెప్పాను. గులాబీలను కుండీల్లోకి మార్చి వాటికి మాత్రం వాన నీళ్లు పోస్తున్నాం. మల్లె కొత్త చిగురు వేసింది, అంచులు పచ్చగానే ఉన్నాయి. కోలిఫాం రిపోర్టు లిఫ్టు పక్కన అంటించాం.

రైతుబిడ్డ_మిర్యాలగూడ:
చాలా సంతోషం అక్కా. నీళ్లు పెట్టాక ఎంతసేపట్లో ఇంకుతున్నాయి ఇప్పుడు?

లక్ష్మి_నల్లగండ్ల:
ఇదివరకు తెల్లారేదాకా నిలబడేవి. నిన్న రాత్రి నేనే టార్చి పట్టుకుని కూర్చున్నాను తమ్ముడూ, ఇరవై ఐదు నిమిషాలు.