వూ లెయ్‌ని 14 ఏళ్లకే సీనియర్ జట్టులో దించడం సరైనదేనా?

కుడివింగ్7: 2006 సెప్టెంబర్ 2న షాంఘై ఈస్ట్ ఏషియా క్లబ్ తరఫున ఆడేనాటికి చైనా ఫుట్‌బాలర్ వూ లెయ్ వయసు 14 ఏళ్ల 287 రోజులు. చైనా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో అంత చిన్నవాడు అంతకుముందు దిగలేదు. ఆ క్లబ్ పెట్టిన షూ గెన్‌బావో తెగువ వల్లే చైనాకు అలాంటి వింగర్ (మైదానం అంచున ఆడే దాడి ఆటగాడు) దొరికాడని నేనంటాను. మీరేమంటారు?

గోల్‌కిక్: ఏ లీగ్‌లో దిగాడో కూడా రాయండి. మూడో డివిజన్, అంటే పైనుంచి మూడో స్థాయి లీగ్. ఫ్రెడ్డీ అడూ 2004లో 14 ఏళ్లకే అమెరికా టాప్ లీగ్‌లో ఆడాడు. 2009లో బొలీవియాలో బాల్దివియేసో అనే పిల్లాడిని 13 నిండకుండానే దించారు, కోచ్ వాళ్ల నాన్నే. ఇద్దరూ పెద్ద ఆటగాళ్లు కాలేదు.

నాగమణి_కె: మూడో డివిజన్ అయినా ఎదురుగా ఉండేది పెద్దవాళ్లే కదండీ.

కుడివింగ్7: గోల్‌కిక్ గారూ, డివిజన్ పట్టుకుని వేలాడకండి. షూ 2000లో షాంఘైలోని చోంగ్‌మింగ్ దీవిలో అకాడమీ పెట్టి, చైనాకు ఒక మాంచెస్టర్ యునైటెడ్ తయారుచేస్తానన్నాడు. జాంగ్ లిన్‌పెంగ్, యాన్ జున్‌లింగ్, వాంగ్ షెన్‌చావో అంతా అక్కడ పెరిగినవాళ్లే. ఆ పిల్లలే ఈస్ట్ ఏషియా జట్టు. 2007లో మూడో డివిజన్ గెలిచారు, 2012లో రెండోది. 2013లో చైనా టాప్ లీగ్ అయిన సూపర్ లీగ్‌కి రాగానే వూ 15 గోల్స్ కొట్టాడు, చైనా ఆటగాళ్లలో అతనే టాప్. అతని పరుగు చూడండి. కుడి అంచున ఏమీ పట్టనట్టు నిలబడతాడు, పాస్ పడబోతోందనగా డిఫెండర్ వీపు వెనక నుంచి లోపలికి దూరతాడు. ఆ టైమింగ్ ప్రాక్టీస్‌లో రాదు, మ్యాచ్‌లలోనే వస్తుంది.

షాంఘై_ఎంబీబీఎస్: 2018లో నేను అక్కడే చదువుతున్నా. ఆ ఏడాది వూకి 27 గోల్స్, జట్టుకి లీగ్ టైటిల్. 2007 తర్వాత చైనా ఆటగాడు టాప్ స్కోరర్ అవడం అదే మొదటిసారి. హాస్టల్ అంతా అదే మాట.

గోల్‌కిక్: 2018 సంగతి కాదు మనం మాట్లాడేది. 2008 నుంచి 2012 దాకా అయిదు సీజన్లు వూని రెండో డివిజన్‌లోనే ఉంచారు. కొరియా స్టార్ సన్ హ్యుంగ్-మిన్ అతనికంటే ఎనిమిది నెలలు చిన్న. 2008లోనే జర్మనీ క్లబ్ హాంబర్గ్‌కి వెళ్లాడు. వూ స్పెయిన్‌లో ఎస్పాన్యోల్‌కి వెళ్లేసరికి 27 ఏళ్లు. 14కే అంత తొందర పడినవాళ్లు 17కి ఎందుకు పంపలేదు? సొంత జట్టుకి పనికొస్తాడని.

కుడివింగ్7: ఆలస్యంగా వెళ్లినా 2020 జనవరిలో బార్సిలోనాపై 88వ నిమిషంలో గోల్ కొట్టి 2-2 చేశాడు. అదే పరుగు! అసలు మీరెప్పుడైనా జిల్లా స్థాయిలో ఆడారా? ఊరికే లెక్కలు చెప్తున్నారు.

అడ్మిన్: వ్యక్తిగతంగా వద్దు.

గోల్‌కిక్: అడిగారు కాబట్టి చెప్తాను. నేను ఆడలేదు, మా అబ్బాయి ఆడాడు. 13 ఏళ్లకి రెసిడెన్షియల్ అకాడమీలో వేశాం, పేరు అనవసరం. వచ్చిన ఏడాదే పెద్ద పిల్లలతో టోర్నమెంట్లు ఆడించారు. మోకాలు పోయింది. స్కానింగ్ డబ్బులు మేమే కట్టుకున్నాం, మిగతా టర్మ్ ఫీజు కూడా వెనక్కి రాలేదు. ఆ ఏడాది పరీక్షలు రాయలేకపోయాడు. వూ లెయ్ ఫొటో చూపించి ‘తెగువ’ అంటుంటే నాకు మండుతుంది.

నాగమణి_కె: అయ్యో, బాబు ఇప్పుడెలా ఉన్నాడండీ?

గోల్‌కిక్: డిగ్రీ చేస్తున్నాడమ్మా. ఆట జోలికి పోడు.

కుడివింగ్7: మీ బాధ నిజం. నాదీ వినండి. జిల్లా జట్టుకి ఎంపికయ్యాక ‘ఇంకా చిన్నవాడివి’ అంటూ నన్ను బెంచ్ మీదే కూర్చోబెట్టారు. పెద్దవాడినయ్యేసరికి ఇంట్లో ఎంసెట్ కోచింగ్‌లో పడేశారు. దెబ్బ తగులుతుందని దించకపోతే నాలాంటివాళ్లు తయారవుతారు. షూ అప్పు చేసి అకాడమీ కట్టాడు, పిల్లలు ఓడిపోతే మునిగేది ఆయన కూడా.

గోల్‌కిక్: ఆయన అప్పు ఆయనిష్టం, ఆ పిల్లాడి మోకాలు ఆయనది కాదు. వూతో పాటు ఆ దీవిలో చేరి, సూపర్ లీగ్ దాకా రానివాళ్ల పేరు ఒక్కరిదైనా మీరు రాశారా? ఆడలేకపోయిన పిల్లాడికి వైద్యం, చదువు ఎవరు చూస్తారో చేర్చుకునే రోజే కాగితం మీద పెట్టమనండి. అప్పుడు 14కి దించినా నేను అడ్డు చెప్పను. అలా రాసిచ్చే అకాడమీ మీకు తెలిస్తే ఇక్కడ పెట్టండి.