కాలిపోయిన మండువా లోగిలిని మళ్లీ నిలబెట్టవచ్చా, కూల్చేయాల్సిందేనా?

లంకగాలి:
మాది కోనసీమలో ఓ పల్లె. ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి, వందేళ్లు దాటింది. పోయిన నెల రాత్రిపూట అటక మీద పాత వైరింగ్‌లో షార్ట్ సర్క్యూటై మంటలు లేచాయి. దేవుడి దయవల్ల మనుషులకేమీ కాలేదు. పడమటి వైపు కప్పు మొత్తం కూలిపోయింది, మండువా చుట్టూ ఉన్న టేకు స్తంభాల్లో కొన్ని నల్లగా మాడిపోయాయి, గోడలు నిలబడే ఉన్నాయి గానీ ఫైరింజన్ నీళ్లకి నానిపోయి ఇంకా చెమ్మగానే ఉన్నాయి. పెరట్లో కొబ్బరి చెట్లూ, పెద్ద మామిడీ ఇంటివైపు కమిలిపోయాయి. మా పెదనాన్నగారు పొక్లెయిన్ పిలిపించి అంతా తీయించేసి స్లాబ్ ఇల్లు వేద్దామంటున్నారు. పాత కలప కొనేవాళ్లు అప్పుడే వచ్చి గుమ్మాలకి బేరం పెట్టారు. నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి.

సున్నపుబట్టీ:
ముందు ఆ పొక్లెయిన్ ఆపించండి, మిగతాది తర్వాత. పాత ఇళ్ల రిపేర్లే నా పని కాబట్టి చెప్తున్నా, నల్లగా కనిపించిన ప్రతి స్తంభమూ పోయినట్టు కాదు. లావుపాటి టేకుకి పైన బొగ్గు పొర కట్టాక ఆ పొరే లోపలి చేవకి వేడి తగలనివ్వదు. ఓ మూల ఉలితో బొగ్గు గీకి చూడండి, గట్టి కలప ఎంత లోతులో తగులుతుందో తెలుస్తుంది. సుత్తితో తట్టితే ఖంగుమనాలి, బోలుగా మోగితే అనుమానించాలి. మిగిలిన మందం బరువు మోస్తుందో లేదో మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కకట్టి చెప్పాల్సిందే, వడ్రంగి మాట మీద వదిలేయకండి. అటకకి ఇనుప గర్డర్లు ఉంటే అవి చెక్క కంటే ప్రమాదం. 600 డిగ్రీల దగ్గరికి వెళ్తే ఇనుము బలం సగానికి పడిపోతుంది, వంగినదాన్ని తీసేయండి.

గోడల మీద తొందరపడి సిమెంట్ కొట్టించొద్దు. సున్నంతో కట్టిన గోడ చెమ్మని బయటికి వదులుతూ ఆరుతుంది. సిమెంట్ పూత వేస్తే ఆ నీరు లోపలే ఉండిపోయి ఉప్పు పొంగుతుంది, దూలాలు గోడలోకి దిగిన చోట కలప కుళ్లుతుంది. వానలొచ్చేలోగా పైన టార్పాలిన్ కప్పించి, పక్కల గాలి ఆడేలా వదిలేయండి. ఆరడానికి నెలలు పడుతుంది, ఆగాలి.

సర్రేతెలుగు:
నేనుండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడ అప్‌పార్క్ అని వెస్ట్ ససెక్స్‌లో 17వ శతాబ్దం చివర్లో కట్టిన భవంతి ఉంది. 1989 ఆగస్టు 30న కప్పు మీద సీసం రేకుల పని చేస్తుంటే నిప్పంటుకుంది. పై అంతస్తులు కూలిపోయాయి, కింది గదుల్లో సామాన్లు చాలావరకు జనం బయటికి మోసేశారు. మీకు పనికొచ్చేది ఆ తర్వాత జరిగింది. శిథిలాలని లారీల్లో ఎత్తిపోయలేదు. ఏ గదిలో ఏ భాగంలో పడినవో గుర్తుపెట్టుకుంటూ వేల డబ్బాల్లోకి ఎత్తి జల్లెడ పట్టారు. తలుపు పిడులూ, చెక్కడం ముక్కలూ, సీలింగ్ పూత పెళ్లలూ దొరికాయి, వాటిని చూసే కొత్తవి చేశారు. సున్నపు పూతలో చేత్తో బొమ్మలు తీర్చే పని దాదాపు మరుగున పడితే దాన్ని మళ్లీ నేర్చుకుని మరీ చేశారు. 1995లో ఇల్లు తెరిచారు.

మా దగ్గర్లోనే ఉన్న క్లాండన్ పార్క్ 2015 ఏప్రిల్‌లో కాలింది. కారణం మీ ఇంటి లాంటిదే, కరెంటు బోర్డులో లోపం. రెండూ పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఇళ్లే, కానీ దీన్ని ఎప్పటిలా కట్టకుండా, చాలావరకు కాలిన గోడలు కనిపించేలా ఉంచాలని 2022లో ప్రకటించారు. దాని మీద ఇక్కడ పెద్ద వాదన నడిచింది. నా ఓటు అప్‌పార్క్‌కే. మీ ఇంట్లో మనుషులు ఉండాలి కదా! కాబట్టి బూడిద ఎత్తేముందు ప్రతి గదినీ ఫొటోలు తీయండి, దొరికిన ప్రతి చెక్కముక్క మీదా సుద్దతో గది పేరు రాయండి.

మైసూర్‌లోతెనాలి:
అన్నీ ఉన్నదున్నట్టే కట్టాలనేం లేదండి. 1897లో మైసూరు చెక్క ప్యాలెస్ కాలిపోతే, ఇప్పుడున్నది రాయీ ఇనుమూ వాడి 1912కల్లా కట్టారు. అందం ఏం తగ్గింది? మీరు కూలిన పడమటి భాగానికి కొత్త పద్ధతి ఎంచుకోండి, నిలిచిన మూడు వైపులూ కాపాడుకోండి. పెదనాన్నగారు కూడా అలాగైతే ఒప్పుకోవచ్చు. ఎలా చేసినా వైరింగ్ మాత్రం మొత్తం మార్పించండి.

పెరటిమొక్క:
చెట్ల సంగతి ఎవరూ చెప్పలేదే! కొబ్బరికి మొవ్వు ఒక్కటే ప్రాణం. అది బతికుంటే మట్టలు మాడినా కొత్త ఆకు తీస్తుంది, కొట్టేయకుండా చూడండి. మామిడికి కమిలిన వైపు బెరడు గోటితో గీరండి, కింద పచ్చగా ఉంటే బతికున్నట్టే. చిగుళ్లొచ్చాక ఎండిన కొమ్మలు మాత్రం తీసి కోతలకి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయండి. పెయింటూ వైర్లూ కాలిన బూడిద పాదుల్లో వేయొద్దు. పెరట్లో నుయ్యి ఉంటే తోడించి, నీళ్లు పరీక్ష చేయించాకే వాడండి.

లంకగాలి:
అందరికీ చాలా థాంక్సండి. ఇదంతా పెదనాన్నగారికి చదివి వినిపించాను. ఇంజనీరు చూసేదాకా ఏదీ ముట్టుకోనన్నారు, గుమ్మాల బేరం కూడా వద్దనేశారు. పడమటి గది రేపే ఫొటోలు తీస్తాను. డంగు సున్నం గానుగ పట్టి పూత వేసే మేస్త్రీలు మా వైపు ఇంకా ఎవరైనా ఉన్నారా?

సున్నపుబట్టీ:
ఉన్నారు. పాత గుళ్ల మరమ్మతులు జరుగుతున్న చోట అడగండి, అక్కడే దొరుకుతారు. పని ఒప్పుకునే ముందు వాళ్లు ఇంతకుముందు చేసిన గోడ ఒకటి, కనీసం ఒక వానాకాలం దాటినది, వెళ్లి కళ్లతో చూసి రండి.