అశ్వగంధకు మైకోరైజా వేస్తే నిజంగా పనిచేస్తుందా?

మూలికతోట: అశ్వగంధ విత్తేటప్పుడు మైకోరైజా అని, వేళ్లలో చేరి మేలుచేసే శిలీంద్రం వెయ్యమంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి.

ఎర్రనేల: వద్దండి. వేసిన మడికీ వెయ్యని మడికీ వేరు బరువులో తేడా రాలేదు. అమ్మినతను ఫోన్ ఎత్తడం మానేశాడు.

వేరుపోగు: ఎర్రనేల గారూ, దుక్కిలో భాస్వరం ఉండే డీఏపీ ఎరువు వేశారా?

ఎర్రనేల: వేశాను. ఎరువు లేకుండా పంటెలా వస్తుంది?

వేరుపోగు: అదే కారణం కావచ్చు. మైకోరైజా వేరు లోపల చేరి, వేరు అందుకోలేని చోటికి సన్నని పోగులు పంపి భాస్వరం తెచ్చిస్తుంది, బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకుంటుంది. భాస్వరం పుష్కలంగా ఉంటే మొక్క మైకోరైజాను పెద్దగా రానివ్వదు. ట్రైకోడెర్మా అనే ఇంకో మేలుచేసే శిలీంద్రం పనితీరు ఇలా కాదు, అది వేరుకుళ్లు తెచ్చే శిలీంద్రాలను అణిచేస్తుంది. శిలీంద్రాలను చంపే కార్బెండజిమ్ మందు పట్టించిన విత్తనానికి ట్రైకోడెర్మా వేస్తే దండగ.

ఎర్రనేల: నేను కార్బెండజిమ్ ఊసే ఎత్తలేదు!

పచ్చాకు: తులసి నారుమడికి మైకోరైజా వేశాను. నారు బాగా నిలదొక్కుకుంది.

ఎర్రనేల: పంట పోయిన ప్రతిసారీ తప్పు రైతుదేనా? మైకోరైజా బతికున్న వేరు లేనిదే పెరగదు. మరి ఎండలో పడున్న ప్యాకెట్లో బీజాలు మొలకెత్తే స్థితిలో ఉన్నాయని నాకెవరు చెప్పాలి?

వేరుపోగు: న్యాయమైన ప్రశ్నే. సన్న వేర్లు తీసి, రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద చూస్తే అంటుకుందో లేదో తెలిసిపోతుంది. అయినా మీరు బరువొక్కటే చూశారు. ఆర్టిమీసియా అన్యువా అనే మందుమొక్కకు మైకోరైజా వేసిన ప్రయోగాల్లో మలేరియా మందు ఆర్టిమిసినిన్ శాతం పెరిగింది. ఆకు మీద ఆ మందు తయారయ్యే సన్నని గ్రంథులే ఎక్కువయ్యాయి.

ఎర్రనేల: అది ఆకు. నాది వేరు.

వేరుపోగు: అశ్వగంధ వేరులో మందు గుణమిచ్చే వితనోలైడ్లు ఉంటాయి కదా, పరీక్ష చేయించారా?

ఎర్రనేల: ఎందుకు చేయించాలి? కొనేవాడు కాటా వేసి డబ్బిస్తాడు. వితనోలైడ్ ఎంతని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

వేరుపోగు: మందుమొక్క పెంచేదే మందు కోసమండీ! గుణం లేని వేరు బరువుంటే రోగికి ఏం లాభం?

ఎర్రనేల: ఆ మాట కొనేవాళ్లతో చెప్పండి. గుణానికి ధర కడితే డీఏపీ నేనే ఆపేస్తా. అప్పటిదాకా ప్యాకెట్ ఖర్చూ, పరీక్ష ఖర్చూ రెండూ నా నెత్తినే ఎందుకు?

వేరుపోగు: ఇది ముందే చెప్పుంటే ఇంత వాదన ఉండేది కాదు. మీ గొడవ శిలీంద్రంతో కాదు, కాటాతో.

మూలికతోట: నా నేలలో భాస్వరం తక్కువని మట్టి పరీక్షలో వచ్చింది. సగం మడికి వేసి, సగం వదిలేస్తాను. రెండిట్లో వేర్లూ విడివిడిగా పరీక్షకు పంపుతాను.