నోటు గడువు దగ్గరపడింది, స్నేహితుడి మీద దావా వేయాలా?

అనంతపురం పాతూరులో నాది మోటార్ వైండింగ్ షాపు. ఇంటర్ నుంచి నాతో తిరిగిన స్నేహితుడికి నార్పల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. 2023లో వానలు మోసం చేసి బోరు ఎండిపోయింది. కొత్త బోరు వేయకపోతే చెట్లు కొట్టేయాల్సిందే అని మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. మా పాప పెళ్లికని చీటీ పాడిన డబ్బు, మూడు లక్షలు ఇచ్చాను. ప్రామిసరీ నోటు వద్దన్నా వినలేదు. డబ్బు దగ్గర రాత ఉండాలని వాడే రెవెన్యూ స్టాంపు తెచ్చి అంటించి సంతకం పెట్టాడు. తేదీ 2023 నవంబర్ 20, రూపాయి వడ్డీ.

మొదటి బోరు ఫెయిలైంది. రెండోదాంట్లో నీళ్లు పడ్డాయి, ఆ మోటారు బిగించింది నేనే. ఏడాది పాటు వడ్డీ ఫోన్‌పేలో వేశాడు, తర్వాత ఆపేశాడు. నిరుడు కాయ మంచి రేటుకు అమ్ముకున్నాడని మార్కెట్ యార్డులో చెప్పారు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడు. ఒక పెళ్లిలో ఎదురుపడితే ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

మా నాన్న పోయినప్పుడు పాడె మోసినవాడు. వాణ్ణి కోర్టు మెట్లు ఎక్కించాలంటే మనసు రావడం లేదు. అటు పాపకు సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్లి. ఈ నవంబర్‌తో నోటుకు మూడేళ్లు నిండుతాయి. ఏం చేయమంటారు?

వకీలు గుమాస్తా, కర్నూలు:
అన్నా, ముందు తేదీ చూసుకోండి. ఇలాంటి చేతినోటుకు రాసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. దాటితే దావా నిలబడదు. ఫోన్‌పేలో వడ్డీ పడింది కదా అని గడువు పెరిగిందనుకోవద్దు. లాయరు నోటీసు పంపినా గడువు ఆగదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కొంతైనా కట్టించుకుని, నోటు వెనక చెల్లు, అంటే ఇంత కట్టానని, ఆయన చేత రాయించి సంతకం తీసుకోండి. మూడేళ్ల లోపల చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

బట్టల వ్యాపారి, ప్రొద్దుటూరు:
నా పాత పార్ట్‌నర్‌తో నాకూ ఇదే తగాదా. దావా వేయకుండానే న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చాను, ఫీజు లేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. వాయిదాల్లో కడతానని ఒప్పుకున్నాడు, లోక్ అదాలత్‌లో అవార్డు, అంటే రాజీ తీర్పు, రాసిచ్చారు. అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అయితే అవతలి మనిషి ఒప్పుకుంటేనే పని అవుతుంది. నవంబర్ దాకా దాన్నే పట్టుకుని కూర్చోకండి. దావా వేశాక లోక్ అదాలత్‌లో రాజీ పడినా, కట్టిన కోర్టు ఫీజు వెనక్కిస్తారు.

ఒక గృహిణి, కడప:
అన్నా, నేను బాకీపడిన ఇంటి మనిషిని. స్నేహితుడి ఫోన్ వస్తే మా ఆయన పక్కగదిలో పెట్టేసి వచ్చేవాడు. ఎగ్గొట్టాలని కాదు, మొత్తం చేతిలో లేక, సగం ఇవ్వడానికి ముఖం చెల్లక. నోటీసు వచ్చేదాకా నాకు సంగతే తెలియదు. తెలిశాక గాజులు కుదువపెట్టి సగం కట్టించాను. మీ స్నేహితుడి భార్యకు ఈ బాకీ తెలుసా? వదినను తీసుకుని ఒకసారి వాళ్లింటికి వెళ్లండి. ఆమె ముందర కూడా తప్పించుకుంటే దావా వేయండి. బిడ్డ పెళ్లి డబ్బు అడగడంలో తప్పేముంది?

అడిగిన వ్యక్తి:
చెల్లెమ్మా, వాళ్లావిడకు తెలుసో లేదో నేను ఆలోచించనే లేదు. ఆదివారం నేనూ మా ఆవిడా నార్పల వెళ్తాం. లక్ష ఇచ్చి సంతకం పెడితే చాలు, మిగతాది కోత దాకా ఆగుతాను. లేదంటే దసరా సెలవులకు ముందే దావా వేస్తాను. గుమాస్తా అన్నా, ఒక్క సందేహం. చెల్లు రాయించాలంటే అసలు నోటు వాడి చేతికి ఇవ్వాలి కదా. చింపేస్తే? వాడి గురించి ఇలా అడగాల్సి రావడమే బాధగా ఉంది.

వకీలు గుమాస్తా, కర్నూలు:
అసలు నోటు ఇంట్లోనే పెట్టండి, జిరాక్సు తీసుకెళ్లండి. వేరే కాగితం మీద నోటు తేదీ, అసలు మొత్తం, ఇప్పుడు కట్టింది, ఇంకా బాకీ ఉన్నది ఆయన చేతే రాయించి, స్టాంపు అంటించి సంతకం, తేదీ వేయించండి. అదీ చెల్లుతుంది. ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని సాక్షిగా తీసుకెళ్లండి.