38 ఎంఎం పైపు బెండర్‌కి ఫాలోయర్ (వంచేటప్పుడు పైపుని నొక్కి పట్టే భాగం): రోలరా, జారే బ్లాకా?

అన్నలూ, 38 ఎంఎం వ్యాసం, 2 ఎంఎం మందం ఈఆర్‌డబ్ల్యూ పైపు (పొడవునా వెల్డు గీత ఉండేది) కోసం రోటరీ డ్రా బెండర్ (తిరిగే డై చుట్టూ పైపుని లాగి వంచేది) కడుతున్నాను. నిలువుగా బిగించిన 8 టన్నుల బాటిల్ జాకీ, 12 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేట్లు, 25 ఎంఎం ఈఎన్24 (గట్టి అల్లాయ్ స్టీల్) పిన్నులు. డై (పైపు చుట్టుకునే గాడి చక్రం) రేడియస్, పైపు మధ్యగీతకి, 120 ఎంఎం.

45 డిగ్రీలు దాటాక పైపు చదునవుతోంది. వంపు దగ్గర వెర్నియర్ పెడితే 38 కాస్తా 34 చూపిస్తోంది. లోపలివైపు ముడతల్లేవు. వెల్డు గీత వంపుకి లోపలా బయటా కాకుండా పక్కనే ఉంచుతున్నా, కాబట్టి తప్పు దానిది కాదు. ఫాలోయర్‌గా గాడి తీసిన రోలర్ ఉంది. ఒక్కచోటే నొక్కుతోందని గట్టి అనుమానం. డై గాడి కూడా 39 ఎంఎం, ఆ వదులులో పైపు పక్కలకి ఉబ్బుతుంది.

150 ఎంఎం పొడవున్న జారే బ్లాక్ పెడితే చాలా, లేక 38.2 గాడితో కొత్త డై లేత్ మీద తిప్పించాలా? బ్లాక్‌కి గన్‌మెటల్ (ఒక రకం కంచు) మంచిదా, గ్రీజు పూసిన ఎంఎస్ తట్టుకుంటుందా?