కమ్మచ్చా, కమ్మెచ్చా?

సందేహి:
“కమ్మచ్చున తీసిన తీగలాగా” అనే నానుడి కొంతకాలంగా నన్ను వదలడం లేదు. దీనికి ముందో వెనకో మరొక మాట ఉండేదని లీలగా గుర్తుంది గాని, అది ఎంత తడిమినా దొరకడం లేదు. ముత్యాల్లాంటి దస్తూరిని, కుదురైన వాక్యాన్ని, ఆడపిల్ల నడుమును మెచ్చుకుంటూ పెద్దలు దీనిని వాడేవారు. తీగ తీసే ఈ కంసాలి పనిముట్టు పేరుకు అసలు రూపం కమ్మచ్చా, కమ్మెచ్చా? ఆ మెప్పు తీగ సన్నదనానికా, మరి దేనికైనానా?

తాళపత్రి:
కమ్మచ్చే, సందేహం అక్కరలేదు. కమ్మి, అచ్చు కలిసినప్పుడు ఇకారం లోపించి కమ్మచ్చు అవుతుంది. కమ్మెచ్చు అనేది నోటివాడుకలో జారిన రూపం.

త-గణం:
తాళపత్రి గారు బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరిగారి సూత్రాన్ని సగమే తలచుకున్నట్టున్నారు. “ఏమ్యాదుల యిత్తునకు సంధి వైకల్పికముగా నగు” అన్నప్పుడు ఆయన ఉద్దేశించినవి ఏమి, మఱి, అది, ఇది వంటి కొన్ని మాటలే. వాటిలో కమ్మి లేదు. సంధి లేనిచోట యడాగమం వచ్చి కమ్మియచ్చు కావాలి. మల్లియ మల్లె అయింది, గద్దియ గద్దె అయింది. అదే దారిలో కమ్మియచ్చు కమ్మెచ్చు అయిందంటే తప్పేమిటి? కాబట్టి ఎకారమే వ్యాకరణానికి దగ్గర, జారినది మీ అకారం.

తాళపత్రి:
మల్లియలోను గద్దియలోను ఆ మార్పు మాట చివర జరిగింది. ఇక్కడ మీరు దానిని సమాసం నడుమకు తెచ్చి పెడుతున్నారు. పైగా తమిళంలో కొంబు అయినది మనకు కొమ్ము అయినట్టే, అక్కడి కంబి మనకు కమ్మి అయింది. కంబచ్చు అనే రూపం కూడా వినేవాళ్ళం. అందులో ఎకారం ఎక్కడుంది?

కరీంనగరీయుడు:
సూత్రాలు తేలేలోగా పనిముట్టును ఒకసారి చూడడం మంచిది. కమ్మచ్చు (నేను అలాగే అంటాను) గట్టి ఉక్కు పలక. దానిలో పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా బెజ్జాలుంటాయి, ఒక్కొక్కటీ తీగ దూరే వైపు వెడల్పుగా, బయటికి వచ్చే వైపు ఇరుకుగా ఉంటుంది. తీగ కొసను ఆకురాయితో అరగదీసి, బెజ్జంలోంచి అవతలికి దూర్చి, పట్టుకారుతో గట్టిగా పట్టి లాగుతారు. మైనమో నూనెనో రాయకపోతే తీగ మీద గీతలు పడతాయి. కొన్ని బెజ్జాలు దాటేసరికి లోహం బిరుసెక్కి తెగడానికి సిద్ధమవుతుంది కనుక, దానిని కాల్చి మెత్తబరచి తరువాతి బెజ్జానికి తీసుకుపోవాలి. ఇందులో లోహం తరిగిపోదు, సాగుతుంది; మందం సగమైతే పొడవు నాలుగింతలవుతుంది. బంగారం ఎంత సాగే గుణం కలదంటే, ఒక్క గ్రాముతో దాదాపు 2 కిలోమీటర్ల తీగ తీయవచ్చు. మా ఊరి వెండి తీగపనికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరూ చెప్పుకుంటారు గాని, ఆ పువ్వులూ లతలూ అల్లడానికి ముందు తీగ ఇలా తయారు కావాలన్న సంగతి ఎవరూ తలచుకోరు.

ఇక అర్థం మాట. సుత్తితో సాగగొట్టినా తీగ కొంతవరకు సన్నబడుతుంది. సుత్తితో రానిది మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. కాబట్టి నానుడిలోని మెప్పు సన్నదనానికి కాదు, ఎక్కడా ఎగుడుదిగుడు లేని తీరుకు.

త-గణం:
దస్తూరికీ వాక్యానికీ ఆ అర్థం బాగా అతుకుతుంది. నడుము మొదలు నుంచి చివర దాకా ఒకే లావు అంటే మాత్రం ఏ నాయికా సంతోషించదు.

మగ్గంగుంట:
అందరూ కమ్మి దగ్గరే ఆగిపోయారు. నాకు అచ్చు మీదే అనుమానం. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలను వేయించిన అచ్చు వేరు, బెల్లం పోసే అచ్చు వేరు. ఆ రెండింటిలోనూ రూపం పైనుంచి పడుతుంది. చేనేతలో అచ్చు అంటే పడుగు పోగులు దూరి పోయే సాధనం. కొత్త పడుగు కొసలను పాత కొసలకు కలపడాన్ని నేటికీ అచ్చు అతకడమే అంటారు. పోగు దూరి పోయేది మగ్గం మీది అచ్చు, తీగ దూరి పోయేది కంసాలి అచ్చు. మాండలిక వృత్తి పదకోశంలో 1971లో వచ్చిన చేనేత సంపుటం చూస్తే, ఈ మాట ఆ వృత్తిలో ఎంత లోతుగా పాతుకుందో తెలుస్తుంది. కమ్మచ్చు నేతవారి దగ్గర నుంచి స్వర్ణకారుల దగ్గరికి వెళ్ళిన మాట అని నా నమ్మకం.

తాళపత్రి:
వేమన పేరు వచ్చింది కనుక ఒక మాట. విశ్వదాభిరాములో అభిరాముడు ఆయన స్వర్ణకార మిత్రుడని ఒక కథ ఉంది. ఆ కథ నిజమైతే వేమన కొలిమినీ కుంపటినీ దగ్గర నుంచి చూసినవాడే.

త-గణం:
అంత స్నేహం ఉన్నవాడు “ఇనుము విరిగెనేని” అని కమ్మరి దగ్గరికి ఎందుకు వెళ్ళాడు? ఆ పద్యానికి ప్రాణం ఇనుము పక్కన ఇనుమారు రావడంలో ఉంది; బంగారంతో ఆ చమత్కారం కుదరదు. పైగా అభిరాముణ్ణి మనిషిగా కాక విశేషణంగా చూసేవారూ ఉన్నారు.

తాళపత్రి:
విశేషణంగా చూస్తే ఆ మకుటంలోని ఆప్యాయత అంతా పోతుంది. వేమనది ఎదుట కూర్చున్న మనిషితో మాట్లాడే గొంతు.

సందేహి:
వేమన గురించి వేరే చర్చ పెట్టుకుందాం. పద్యప్రయోగం ఎవరికైనా దొరికితే ఛందస్సుతో ఈ అకార ఎకారాల తగవు తీరదా?

త-గణం:
తేలికగా తీరదు. రెండు రూపాలూ గురువు, గురువు, లఘువే. నా పేరే సాక్షి. ప్రాసస్థానంలో రెండింటికీ మ్మ ఉంటుంది కనుక ప్రాస కూడా కంబచ్చును పక్కకు పెడుతుందే గాని, మిగిలిన రెండింటినీ విడదీయదు. యతి సరిగ్గా ఈ మాట రెండో అక్షరం మీద పడిన పాదం దొరకాలి. అప్పుడు మకారానికి అ, ఆ, ఐ, ఔ మైత్రి కావాలి, మెకారానికి ఇ, ఈ, ఎ, ఏ మైత్రి కావాలి. కవి దేనికి చెల్లించాడో చూస్తే సరిపోతుంది.

తాళపత్రి:
ముద్రిత ప్రతిలోని పాదం చూపిస్తే నేను ఒప్పుకోను. యతి చెడిందనుకుని పరిష్కర్తే దిద్ది ఉండవచ్చు. తాళపత్ర ప్రతి చూపించండి.