సింగపూరు లొంగుబాటు: తప్పు బంకరుదా, బంకరుకు చేరని కబురుదా?

పాతపటం (చర్చ ప్రారంభం):

రెండో ప్రపంచ యుద్ధంలో మలయా కమాండుకు (మలయా, సింగపూరుల రక్షణ చూసిన బ్రిటిషు సేనాధికారానికి) ఆఖరి కార్యస్థానమైన ఫోర్ట్ కానింగ్ బంకరు గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. చదివిన కొద్దీ ఒక అభిప్రాయం బలపడింది. కాదనేవారి మాట కూడా వినాలని దాన్ని ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. సింగపూరు నడిబొడ్డున ఉన్న ఒక కొండ కింద, సుమారు 9 మీటర్ల లోతున, 1930ల చివర్లో బ్రిటిషువారు 30 గదులకు కాస్త అటూ ఇటూగా ఒక కాంక్రీటు స్థావరం కట్టుకున్నారు. సొంత జనరేటరు, టెలిఫోను ఎక్స్ఛేంజి, సంకేత లిపి గది, ఫిరంగి దళాలను నడిపే గది, అన్నీ అందులోనే. ఇప్పుడు దాన్ని బ్యాటిల్‌బాక్స్ అంటున్నారు. 1942 ఫిబ్రవరి 15 ఉదయం 9.30 గంటలకు ఆ కమాండు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ పెర్సివల్ తన సేనానులను అక్కడ సమావేశపరచి, జపానుకు లొంగిపోవాలని నిర్ణయించాడు.

ద్వీపంలో అప్పటికి సుమారు 85,000 మంది సైనికులు అతని చేతికింద ఉన్నారు. ఎదురుగా జపాను సేనాని యమషిత దించిన సేన సుమారు 30,000. పైగా తన దగ్గర మందుగుండు అడుగంటిందనీ, పైకి మాత్రం బింకం ప్రదర్శించాననీ యమషితే తర్వాత ఒప్పుకున్నాడు. అంతటి సేన ఉండి కూడా చేతులెత్తేయడానికి కారణం ఆ గోతిలో కూర్చోవడమేనని నా వాదన. గాలి ఆడని గదుల్లో, పైన పడుతున్న గుండ్ల అదురు తప్ప మరేదీ తెలియని చోట, పటం మీది గీతలు చూస్తూ కూర్చున్నవాడికి ఓటమి ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. సేనాని పైన, జవాన్ల మధ్య ఉండి ఉంటే ఆ నిర్ణయం అంత సులువుగా వచ్చేది కాదు.

రేవుగాలి:

పాతపటం గారూ, నేను సింగపూరులోనే ఉంటాను. ఆ బంకరులోకి రెండుసార్లు వెళ్లాను. మీ వాదన వినడానికి బాగానే ఉంది కానీ తేదీల దగ్గర తేలిపోతుంది.

పెర్సివల్ యుద్ధమంతా ఆ కొండ కింద కూర్చుని నడిపాడనుకోవడం పొరపాటు. సైన్యమూ వైమానిక దళమూ కలిసి పనిచేసే కార్యస్థానం సైమ్ రోడ్డులో ఉండేది. అది నేల మీదే కట్టిన గుడిసెల్లాంటి కట్టడాల సముదాయం. పెర్సివల్ అక్కడి నుంచి ఫోర్ట్ కానింగుకు మారింది ఫిబ్రవరి 11న. జపాను సేనలు జొహోర్ జలసంధి దాటి సరిమ్బున్ తీరాన దిగింది 8వ తేదీ రాత్రి. అంటే తీరం చేజారినప్పుడు అతడు బంకరులో లేడు. పడమటి వైపు రక్షణ రేఖ అయిన క్రాంజి-జురాంగ్ గీత చేజారినప్పుడూ లేడు.

ఆ గీత పోయిన తీరు చూడండి. పరిస్థితి విషమిస్తే నగరం చుట్టూ ఎవరు ఎక్కడ నిలవాలో చెబుతూ పెర్సివల్ 9వ తేదీ రాత్రి ముఖ్య సేనానులకు ముందుచూపుగా ఒక రహస్య ఆదేశం పంపాడు. దాన్ని ఆస్ట్రేలియా బ్రిగేడియరు టేలర్ వెంటనే పాటించాల్సిన ఉత్తర్వుగా అర్థం చేసుకుని తన దళాన్ని వెనక్కు నడిపించాడు. ఒక కాగితాన్ని తప్పుగా చదవడం వల్ల, ద్వీపానికి పడమటి వైపు నిలబడగలిగిన ఒకే ఒక్క చోటు పోయింది. దీనికీ కాంక్రీటుకూ సంబంధం ఏమిటి?

లోపల ఎలా ఉంటుందంటారా, కొండ వాలులో ఉన్న ఇనుప తలుపు దాటి మెట్లు దిగగానే కప్పు నెత్తికి దగ్గరగా వస్తుంది. వసారా ఇరుకు. ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకు ఒరిగి దారి ఇవ్వాలి. కొద్దిమంది పనిచేయడానికి కట్టిన ఆ చోట ఆఖరి రోజుల్లో దాదాపు 500 మంది కిక్కిరిసి ఉన్నారట. ఉక్కపోత సంగతి మీరు చెప్పినదానికంటే ఎక్కువే. కానీ ఉక్కపోస్తే సేనలు ఓడిపోవు.

పాతపటం:

తేదీల విషయంలో మీరన్నది నిజం. 8 నుంచి 10 వరకు జరిగినదాన్ని బంకరు ఖాతాలో వేయలేను. అయితే నా ప్రశ్న 15వ తేదీ గురించి. 10వ తేదీనే చర్చిల్, సైన్యాన్ని కాపాడుకోవాలనో ప్రజలను తప్పించాలనో ఆలోచించవద్దనీ, సేనానులు తమ జవాన్లతో కలిసి ప్రాణాలు వదలాలనీ తంతి పంపాడు. అది కఠినమైన మాటే. దాన్ని పాటించాలని నేను అనడం లేదు. కానీ జలాశయాలనూ బుకిట్ తిమాలోని ఆహార నిల్వలనూ తిరిగి పట్టుకోవడానికి ఎదురుదాడి చేయడమా, లొంగిపోవడమా అన్న రెండు దారులను పెర్సివలే ఆ గదిలో ముందుపెట్టాడు కదా. మొదటిదాన్ని ఎవరూ ఎందుకు కోరుకోలేదు? శత్రువు బలం ఎంతో వాళ్లకు తెలియకపోవడమే కదా కారణం? బంకరులో ఉన్నందువల్లే తెలియలేదంటాను.

తంతిమాష్టారు:

నేను టెలిఫోను శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీరిద్దరూ కాంక్రీటు గురించి మాట్లాడుతున్నారు, నాకు కనిపించేది తీగలు. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

భూగర్భ కార్యస్థానం అంటే చెవులు మాత్రమే ఉన్న మనిషి. కళ్లు ఎలాగూ ఉండవు. ఆ చెవులకు కబురు అందుతున్నంతసేపూ పైనున్నవాడికంటే వాడికే ఎక్కువ తెలుస్తుంది. అందకపోతే అంత గట్టి గోడలూ వృథా. దీనికి మంచి ఉదాహరణ అంతకు ఏడాదిన్నర ముందు ఇంగ్లండులో జరిగింది. లండనుకు పడమటన అక్స్‌బ్రిడ్జ్‌లో, సుమారు 18 మీటర్ల లోతున, 76 మెట్లు దిగితే వచ్చే గదిలోంచే 1940లో ఎయిర్ వైస్ మార్షల్ కీత్ పార్క్ ఆగ్నేయ ఇంగ్లండు మీది వైమానిక పోరును నడిపాడు. తీరంలోని రాడారు కేంద్రాల సమాచారం యుద్ధ విమానదళ ప్రధాన కార్యస్థానమైన బెంట్లీ ప్రయరీలోని వడపోత గదికి, అక్కడి నుంచి అక్స్‌బ్రిడ్జ్‌కు టెలిఫోను మీద వచ్చేది. తీరం దాటిన విమానాలను లెక్కపెట్టి చెప్పడానికి అబ్జర్వర్ కోర్ మనుషులుండేవారు. గదిలోని పెద్ద బల్ల మీద పరిచిన పటంపై అమ్మాయిలు పొడవాటి కర్రలతో గుర్తులను జరిపేవారు. గోడ గడియారంలో ప్రతి 5 నిమిషాల భాగానికీ ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ఒకటి ఉండేది. బల్ల మీది గుర్తు రంగు చూస్తే ఆ కబురు ఎంత పాతదో తెలిసిపోయేది. నా దృష్టిలో ఆ గదిలోని అసలైన తెలివి ఆ గడియారమే. కబురు ఎంత ముఖ్యమో, దాని వయసూ అంతే ముఖ్యమని అక్కడివాళ్లు గ్రహించారు.

అదే వ్యవస్థలో, నేల మీద ఉన్న కెన్లీ స్థావరం మీద 1940 ఆగస్టు 18న బాంబులు పడ్డప్పుడు ఏం చేశారు? విమానాలను నడిపించే గదిని పక్కనున్న కేటరమ్‌లో, మూతపడిన ఒక మాంసం దుకాణంలోకి మార్చారు. మాంసం కొట్టులోంచి యుద్ధం నడిచింది! తీగలు కలిస్తే కొట్టు కూడా కార్యస్థానమే.

ఇప్పుడు సింగపూరుకు వద్దాం. 8వ తేదీ రాత్రి జరిగిందేమిటి? జపాను ఫిరంగుల దెబ్బకు తీరంలోని 22వ ఆస్ట్రేలియా బ్రిగేడు టెలిఫోను తీగలు తెగిపోయాయి. సెర్చిలైట్లు వెలగలేదు. ఫిరంగి సాయం కోసం ముందున్నవాళ్లు పంపిన సంకేతాలు వెనకున్నవాళ్లకు సకాలంలో అందలేదు. అసలు దాడి ఈశాన్యం నుంచి వస్తుందని పెర్సివల్ ముందే అనుకుని ఉన్నాడు. జపానువాళ్లు 7వ తేదీన ఉబిన్ ద్వీపం మీద దిగి ఆ నమ్మకాన్ని మరింత పెంచారు. పడమటి తీరం నుంచి అసలు సంగతి వెంటనే చేరి ఉంటే ఆ నమ్మకం తెల్లారేలోపే సడలేది. ఇక వైమానిక దళంలో మిగిలిన కొద్ది విమానాలు 10వ తేదీ నాటికి సుమత్రాకు వెళ్లిపోయాయి. అంటే పైనుంచి చూసి చెప్పేవాడు కూడా లేడు. కాబట్టి శత్రువు ఎంతమందో తెలియలేదన్న పాతపటం గారి మాట సరైనదే, కానీ కారణం వేరు. పెర్సివల్ కొండ మీద డేరా వేసుకుని కూర్చున్నా అతడికి తెలిసేది అంతే.

1977 నవంబరు ఉప్పెన తర్వాత నేను చూసిన ఒక చిన్న ఎక్స్ఛేంజి గుర్తొస్తోంది. భవనం చెక్కుచెదరలేదు, బ్యాటరీలు నిండుగా ఉన్నాయి, బల్ల ముందు మనిషి కూర్చునే ఉన్నాడు. స్తంభాలన్నీ నేల మీద. రెండు రోజులు ఒక్క గంటా మోగలేదు.

గోలకొండ_చరిత్ర:

మనవాళ్ల ప్రస్తావన లేకుండా ఈ చర్చ సాగడం వింతగా ఉంది. మలయాలో హైదరాబాదు సైనికులు పోరాడారు. 19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగో పటాలం 1942 జనవరి 7న స్లిమ్ నది దగ్గర జపాను ట్యాంకుల కింద చితికిపోయింది. ఆ నిజాం సైనికుల గురించి ఫోర్ట్ కానింగులో ఎవరైనా ఆలోచించారా? లొంగుబాటు నిర్ణయించిన గదిలో ఒక్క భారతీయ అధికారి లేడు. రెండు రోజుల తర్వాత, 17వ తేదీన, ఫారర్ పార్కులో సుమారు 45,000 మంది భారతీయ సైనికులను జపానుకు అప్పగించారు.

రేవుగాలి:

గోలకొండ గారూ, గదిలో భారతీయులు లేరన్న మాట ఒప్పుకుంటాను, దాని బరువూ తెలుసు. కానీ ఒక దిద్దుబాటు అవసరం. 19వ హైదరాబాద్ రెజిమెంటు పేరుకే హైదరాబాదు. అది బ్రిటిషు భారత సైన్యంలోని దళం, అందులో ఎక్కువమంది కుమావూ, అహీరు, జాటు జవాన్లు. 1945లో దాని పేరును కుమావూ రెజిమెంటుగా మార్చారు. నిజాం సొంత సంస్థాన సేన వేరు. ఆ సేనలోని ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ కూడా మలయాకు వచ్చింది. ఈ రెండింటినీ కలిపేయడం మన పత్రికల్లో ఎప్పటినుంచో ఉన్న పొరపాటు.

నిజాం దళం కథ తంతిమాష్టారు గారి వాదనకే బలం ఇస్తుంది. 1941 డిసెంబరు 8న జపాను తొలి దాడి జరిగిన కోటా బారులో వారు విమానాశ్రయానికి కాపలా ఉన్నారు. శత్రువు విమానాశ్రయం అంచుకు వచ్చేశాడన్న పుకారు ఆ సాయంత్రం పుట్టింది. అది అబద్ధం. కానీ కబురు నిజమో కాదో తేల్చుకునే దారి లేక, విమానదళంవాళ్లు భవనాలకు నిప్పుపెట్టి వెళ్లిపోయారు. పెట్రోలూ, పరుగుబాటా మాత్రం చెక్కుచెదరకుండా శత్రువు చేతికి దక్కాయి. 70 రోజుల యుద్ధం మొదటి రోజే ఒక తప్పుడు కబురుతో మొదలైంది.

పాతపటం:

సరే, నా మొదటి వాదనలో సగం వెనక్కు తీసుకుంటున్నాను. కబురు లేమికి బంకరును తప్పుపట్టలేను. అయినా ఒకటి మిగిలే ఉంది. 13వ తేదీన అతని కింది సేనానులు హీత్, బెనెట్ ఇద్దరూ లొంగుబాటు గురించి ఒత్తిడి తెస్తే పెర్సివల్ ఒప్పుకోలేదు. అదే మనిషి రెండు రోజుల్లో ఎలా మారాడు? చుట్టూ అదే మనుషులు, అదే గాలి, అదే మాట.

రేవుగాలి:

మారింది నీళ్ల సంగతి. జనవరి 31న ద్వీపాన్ని జొహోర్‌తో కలిపే కాజ్‌వేను పేల్చినప్పుడే జొహోర్ నుంచి వచ్చే గొట్టం తెగింది. ద్వీపంలోని జలాశయాల చుట్టూ శత్రువు చేరాడు. బాంబులకు నగరంలోని గొట్టాలు పగిలి, వదిలిన నీటిలో సగానికి పైగా వీధుల పాలవుతోందని, మహా అయితే ఒకటి రెండు రోజులని నీటి ఇంజనీరు చెప్పాడు. వలస వచ్చినవారితో కలిపి నగరంలో దాదాపు 10 లక్షల జనం. 14న అలెగ్జాండ్రా ఆసుపత్రిలో రోగులనూ వైద్యులనూ చంపారు. పెట్రోలు బండ్ల ట్యాంకుల్లో ఉన్నదే మిగిలింది. పోరు ఆపే అధికారాన్ని పై సేనాని వేవెల్ 15వ తేదీ తంతిలోనే పెర్సివల్‌కు వదిలేశాడు. ఇవన్నీ బంకరుకు సరిగ్గా చేరిన కబుర్లే. శత్రువు గురించి చేరనివి చేరి ఉంటే, అవతలి మందుగుండు కూడా అడుగంటిందని తెలిసి ఉంటే, ఒక్క రోజు ఆగేవాడేమో. ఆగితే జనం ఏమయ్యేవారన్నది మాత్రం ఎవరూ సులువుగా చెప్పగల విషయం కాదు.

తంతిమాష్టారు:

ఆఖరి కబురు సంగతి కూడా చెప్పి నా వంతు ముగిస్తాను. నిర్ణయం అయ్యాక ఫోర్ట్ కానింగ్ నుంచి యమషితకు టెలిఫోను చేసే దారి లేదు. బ్రిగేడియర్ న్యూబిగింగ్, మేజర్ వైల్డ్, వలస పాలన కార్యదర్శి ఫ్రేజర్ తెల్లజెండాతో కారులో బుకిట్ తిమా దారిన వెళ్లి, అడ్డంకులు వచ్చిన చోట దిగి నడిచారు. పెర్సివల్ స్వయంగా రావాలని జపానువాళ్లు పట్టుబట్టారు. వస్తున్నట్టు తమకు తెలియడానికి గుర్తుగా, ఆనాటి సింగపూరులో అన్నిటికంటే ఎత్తైన కేథే భవనం మీద జపాను జెండా ఎగరేయమన్నారు. ఎగరేశారు. కేథే భవనం ఫోర్ట్ కానింగ్ కొండకు దగ్గర్లోనే ఉండేది. అన్ని గదులు, ఎక్స్ఛేంజి, సంకేత లిపి యంత్రాలు ఉన్న కొండకు ఎదురుగా ఒక గుడ్డముక్కతో కబురు పంపుకున్నారు. అది మాత్రం సకాలంలోనే అందింది.